కాయకమునకు గడువు

ఉత్సవదినము నేతగానికొరకు ఆగదు. తిరుమల బ్రహ్మోత్సవములకు గద్వాల సంస్థానము పక్షమున ఏటేట సమర్పింపబడు ఏరువాడ జోడు పంచెలు గద్వాల మగ్గముపైననే సిద్ధమగును. 11 గజముల పొడవు, ఇరువైపుల వెడల్పైన అంచు, అంచున కోటకొమ్ముల నగిషీ. నేయువారు 41 దినములు దీక్ష వహింతురు. మగ్గపు గుంటలో వాననీరు ఊరెననియో, పడుగు తెగెననియో చెప్పుకొనుటకు అచ్చట తావు లేదు. అయినను ఆ నేత తొందరపాటుతో సాగునది కాదు. దీక్ష యనగా ఆ దినములను ముందుగనే ఒక్క పనికి అప్పగించుటయే గదా!

పెండ్లి చీర సంగతి వేరు. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. పోగు పోగునకు రెంటిని కలుపుచు నేయవలెను. తొందరలో ఒకచోట కూర్పు వదులైనచో చీర ఆయుష్షు అచ్చటనే తరుగును. నెలకు మూడు చీరలు నేయగలవాడు అయిదింటికి బయానా పుచ్చుకొనెననుకొందము. గడువు తప్పినది నెల చివరనని లోకము తలచును. నిజమునకది బయానా చేతబట్టిన నాడే తప్పినది.

ఆయ్దక్కి మారయ్య కథ ఎల్లరెరిగినదే. ఈ దంపతుల అమరేశ్వరము పొరుగున నున్న రాయచూరు సీమలోనిది. రాలిన బియ్యపుగింజలు ఏరుట ఆయన కాయకము. ఒకనాడు అనుభవమంటపమున తత్త్వగోష్ఠిలో మునిగి కాలము మరచెను. లక్కమ్మ హెచ్చరింపగా పరుగున పోయి, నిత్యముకంటె అధికముగ తెచ్చెను. ఆమె ఆ అధికమును తిరిగి పోసిరమ్మనెను. ఇది ఆశకు మందలింపని చెప్పుట వాడుక. కాని ఆ పెద్ద మూటకు కారణము ఆశ యొక్కటియేనా? ఆలస్యమైనవాడు పోయిన పొద్దును పిడికిలితో పట్టజూచును; అధికము అందుండియే పుట్టును.

అప్పులోనున్న నేతగాడు వచ్చిన బయానాను ఎట్లు కాదనగలడని ఒక ఆక్షేపము. ఇది త్రోసివేయదగినది కాదు. నూలు ఇచ్చువాడు ఒకడు, గడువు చెప్పువాడు మరియొకడు, పొద్దు కరగునది మాత్రము మగ్గము ముందు కూర్చున్నవానిది. కావున ఈ ప్రశ్న పని చేయించువారిని కూడ తాకును. జాతరకు వస్త్రములు కోరు మఠమైనను, పెండ్లివారైనను అందుకు వెలుపల లేరు.

వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ముహూర్తము కుదిరిన నాడే పందిరివానికిని వంటవానికిని కబురంపు కుటుంబములు పెక్కు. చీర మాట పదునైదు దినములు మిగిలినపుడు జ్ఞప్తికి వచ్చుటయు కలదు. ఆపై మగ్గమున్న యింట దీపము నడిరేయి దాటినను ఆరదు.