ఏడాదికి తగ్గకుండా

మా బావ జైలుకు పోయింది తుపాకీ కేసులో. తుపాకీ అనగానే అన్నల్లో కలిశాడనుకుంటారు. కాదు. పందుల కాపలాకు పోయాడు.

మాది నల్లమల అంచున ఊరు. వేరుశనగ వేస్తే రాత్రిళ్లు అడవి పందులు దిగి చేనంతా తవ్విపోస్తాయి. మా మేనత్త కొడుకు ఒక ఆసామి దగ్గర పాలేరు. మంచె మీద కాపలా పడుకోమని ఆసామే నాటు తుపాకీ చేతికిచ్చాడు. దానికి లైసెన్సుందో లేదో మాదిగ పాలేరు అడుగుతాడా? 1996లో ఒక తెల్లారుజామున పోలీసులొచ్చారు. 'ఆ తుపాకీ సంగతి నాకు తెలీదు' అన్నాడు ఆసామి. 'ముద్దాయి స్వాధీనంలో దొరికినది' అని పంచనామాలో రాసుకున్నారు. అబద్ధం కాదు. చేతిలో ఉన్న మాట నిజమే.

ఆయుధాల చట్టం 25వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంటే అప్పట్లో ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా శిక్ష. 2019లో ఆ ఏడాదిని రెండేళ్లు చేశారు, మూడేళ్లను అయిదేళ్లు చేశారు. ప్రత్యేక కారణాలుంటే తీర్పులో రాసి అంతకన్నా తక్కువ వెయ్యొచ్చని కూడా అదే సెక్షన్లో ఉంది. ఆ సంగతి నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. ఆ రోజు మా ప్లీడరు దాని ఊసే ఎత్తలేదు. 'ఒప్పుకో, తొందరగా తెములుద్ది' అన్నాడు. బావ ఒప్పుకున్నాడు. సర్కారు ప్లీడరు మాత్రం పాత కేసు బయటికి తీశాడు. అంతకు ముందెప్పుడో మోటారు వైరు దొంగతనమని ఇరికిస్తే మూడు నెలలు లోపలుండొచ్చాడు. 'పాత నేరస్తుడు' అన్నారు. ఏడాది పడింది.

'పాత నేరస్తుడు' అనే మాటకు మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. 1871 నాటి నేరస్త జాతుల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఎరుకలోళ్లను స్టూవర్టుపురం సెటిల్మెంటులో పెట్టి హాజరు వేయించుకున్నది ఈ చట్టం కిందే. నేరస్త జాతి అని ముద్ర పడినవాడు పట్టికలోని నేరంలో రెండోసారి పడితే ఏడేళ్లకు తగ్గకుండా జైలు, మూడోసారి పడితే ద్వీపాంతరం. అక్కడా జడ్జికి 'ప్రత్యేక కారణాల' కిటికీ ఉంది. మరి ఆ కిటికీ తలుపు తట్టేదెవరు? 1952లో ఆ చట్టం పోయింది. స్టేషన్లలో కేడీల పుస్తకాలు పోలేదు.

అమెరికాలోనూ ఇంతే. అక్కడ ఏడాదికి మించి శిక్ష పడదగ్గ నేరంలో దోషిగా తేలినవాడు తుపాకీ తాకకూడదు. అంతకు ముందు మూడుసార్లు హింసా నేరాల్లోనో పెద్ద మాదకద్రవ్యాల కేసుల్లోనో దోషై ఉంటే, తుపాకీ పేల్చకపోయినా సరే, 1984 నాటి చట్టం కింద 15 ఏళ్లకు తగ్గకుండా జైలు. ఈ తుపాకీ కేసుల్లో ఫెడరల్ కోర్టుల్లో శిక్ష పడేవాళ్లలో సగానికి పైగా నల్లవాళ్లే.

మన సుప్రీంకోర్టు 1983లో, యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్ప మరో శిక్ష లేదన్న 303వ సెక్షన్ని కొట్టేసింది. ఆయుధాల చట్టంలో తప్పనిసరి ఉరినీ 2012లో కొట్టేసింది. మనిషిని చూడకుండా శిక్ష వెయ్యడం న్యాయం కాదంది. ఉరి దగ్గర ఒప్పైన మాట ఏడాది జైలు దగ్గర తప్పవుతుందా?

ఒక సభలో ఇదంతా చెప్తుంటే లా చదివే పిల్లోడు లేచాడు. 'అన్నా, మీ బావకు కనీస శిక్ష అన్యాయమంటున్నావు. అట్రాసిటీ చట్టంలో మన మీద దాడి చేసినోడికి ఆరు నెలలకు తగ్గకూడదంటావు. ఇదెట్టా?' అన్నాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. జడ్జీల దయకు వదిలేస్తే ఏమవుద్దో మనకు తెలుసు కాబట్టే 1989 చట్టంలో ఆ ఆరు నెలలుండాలని కోరుకున్నాం. చుండూరులో 1991లో ఎనిమిది మందిని చంపితే, 2007లో పడిన శిక్షలు కూడా 2014లో హైకోర్టులో ఎగిరిపోయాయి. ఇట్లాంటివి చూసినోళ్లం జడ్జి చేతికి పగ్గం వెయ్యమని అడగమా? కానీ ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ చట్టం కింద నేను ఎన్నటికీ ముద్దాయిని కాలేను. నాకు పడని శిక్ష తగ్గకూడదనడం నాకు తేలిక.

1998లో నన్ను కొట్టారు. కులం పేరెత్తి, బోరింగు దగ్గర, నలుగురూ చూస్తుండగా. స్టేషన్ రైటరు మామూలు దెబ్బల కేసు రాశాడు. జరిమానాతో పోయింది. మా చట్టంలోని ఆరు నెలలు కోర్టు గుమ్మం దాకా రానేలేదు. జడ్జి చేతులు కట్టేస్తే, ఆ అధికారం సెక్షన్ రాసే చేతికి పోతది.

చాలా కాలం చెప్పని ముక్క ఇంకోటి ఉంది. నన్ను కొట్టినోడు ఆసామి కాదు. ఆసామి పురమాయించిన ఇంకో పాలేరు, బీసీ కులపోడు. సెక్షన్ సరిగ్గా రాసుంటే ఆరు నెలలు వాడికే పడేది. ఆసామి అరుగు మీద కూచుని చుట్ట కాల్చుకుంటుండేవాడు. మా బావ తుపాకీ కేసులో జరిగిందీ అదేగా!

ఆ పిల్లోడికి ఇప్పుడు నా జవాబు ఇది. బలమున్నోడు బలం లేనోణ్ని కొడితే శిక్షకు ఒక అడుగు మట్టం ఉండాలి. ఆ మాట మీద నేనున్నా. ఆ మట్టం పురమాయించినోడికీ వర్తించాలి. కావాలని కేసు నీరుగార్చే ఉద్యోగికి ఆరు నెలలకు తగ్గకుండా అని అదే చట్టం 4వ సెక్షన్లో ఉంది. ముందు దాన్ని వాడమనండి. కానీ వస్తువు చేతిలో దొరికిందని మాత్రమే వేసే శిక్షకు అడుగు మట్టం ఉండకూడదు. చేతిలో పెట్టినోడెవడో జడ్జి అడగాలి. అడగలేదంటే ఎందుకు అడగలేదో తీర్పులో రాయాలి. నన్ను కొట్టిన ఆ పాలేరుకైనా సరే, ఆ ప్రశ్న అడిగాకే శిక్ష వెయ్యాలంటాను. ఈ మాట అనడానికి నాకు ఇరవయ్యేళ్లు పట్టింది.

బావ ఏడాదీ ఉండి వచ్చాడు. చేను, ఆసామి, పందులు, అన్నీ ఎట్లా ఉన్నవి అట్లానే ఉన్నాయి. జైలు కష్టాలేమీ చెప్పలేదు. ఒక్క మాటన్నాడు: 'పేరడిగారు, తండ్రి పేరడిగారు, కులం అడిగారు. తుపాకీ ఎవరిదని ఒక్కడూ అడగలేదురా.'