మోషే క్రింద వేసిన రాయి

నిర్గమకాండము 17వ అధ్యాయములో మోషే చేతులు బరువెక్కగా అహరోను, హూరు ఏమి చేసిరో గమనించుడి. నీవు బలవంతుడవని అతనికి బోధింపలేదు. కూర్చుండుటకు రాయి వేసిరి. చెరియొక ప్రక్క నిలిచి, ప్రొద్దు గ్రుంకువరకు అతని చేతులను ఎత్తి పట్టిరి. నాకు మాట రాదని మునుపు దేవుని యెదుటనే వెనుదీసినవాడు ఇతడే గదా!

మన భిక్నూరునుండి నిజామాబాదు పోవు త్రోవలో డిచ్‌పల్లి యున్నది. అక్కడ 1915లో డాక్టరు ఇసాబెల్ కెర్ అమ్మగారు కుష్ఠరోగులకు ఆసుపత్రి స్థాపించిరి. ఆనాడు ఆ వ్యాధికి నిశ్చయమైన మందు లేదు. రోగి యెదుట వట్టి చేతులతో నిలిచిన ఏ వైద్యునికి తన చదువుపై సందేహము పుట్టదు? అయితే ఆమె ఒంటరి కాదు. భర్త జార్జి కెర్ దొరగారు ఆ పనిలో తోడైయుండిరి. హిందువైన రాజా నర్సాగౌడ్ గారు ధనసహాయము చేసిరి. రాయి సంఘము వెలుపలినుండియు రావచ్చును, స్తోత్రము!

మన పంతులుగారో, నర్సమ్మయో ఈ పని నావల్ల కాదని క్రుంగియున్నారా? ఈ ఆదివారము ఆరాధన తరువాత ఇద్దరము వారి యింటికి పోదము. ప్రసంగము వద్దు. పిల్లల నోటుపుస్తకములు దిద్దవలసియున్న యెడల, చెరి సగము పంచుకొందము.