దాచుకునే పక్షి నేర్పే పాఠం



భూమిపై సంచరించే ప్రతి ప్రాణికీ ఉపాధినిచ్చే బాధ్యత అల్లాహ్‌దేనని దివ్యఖుర్ఆన్ (11:6) మనకు బోధిస్తోంది. ఇది విన్నప్పుడు కొందరికి ఒక సందేహం కలుగుతుంది. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్ అయినప్పుడు, రేపటి కోసం దాచుకోవడం తవక్కుల్‌కు, అంటే దైవంపై భరోసాకు విరుద్ధం కాదా? జవాబు చెప్పుకునే ముందు, దాచడంలో ఆరితేరిన ఒక పక్షిని గమనిద్దాం.

దాని పేరు యురేసియన్ జే. అరబీలో అబూ జురైఖ్ అంటారు. మన పాలపిట్టను కూడా కొందరు ‘బ్లూ జే’ అంటారు గాని, అది వేరే జాతి. ఈ జే కాకి కుటుంబానికి చెందినది. ఐరోపా, మొరాకో, టర్కీ, ఇరాన్ మొదలుకొని జపాన్ వరకు అడవుల్లో ఉంటుంది. మన దేశంలో హిమాలయ ప్రాంతపు అడవుల్లో కనిపిస్తుంది. పొడవు సుమారు 34 సెంటీమీటర్లు. ఐరోపాలో కనిపించే జేకు గులాబీ ఛాయ కలిసిన గోధుమరంగు ఒళ్ళు, నల్లని తోక, రెక్కలపై నల్లచారల నీలి ఈకలు ఉంటాయి. కాకి అనగానే నలుపే గుర్తుకొచ్చే మనకు, అదే కుటుంబంలో ఇన్ని రంగులు చూపించాడు సృష్టికర్త. సుబ్‌హానల్లాహ్! గొంతు మాత్రం కర్ణకఠోరం. డేగ కూతను అనుకరించడం కూడా దానికి తెలుసు.

వసంతంలో, వేసవిలో పురుగులు, గొంగళిపురుగులు తింటుంది. అవకాశం దొరికితే ఇతర పక్షుల గుడ్లను, పిల్లలను కూడా వదలదు. శరదృతువు రాగానే దాని దృష్టంతా ఓక్ చెట్ల కాయలపైనే. అరబీ, ఉర్దూలలో ‘బలూత్’ అనేది ఈ చెట్టునే. కొన్ని కాయలు గొంతులో, ఒకటి ముక్కున పట్టుకొని, ఒక్కోసారి కిలోమీటర్ల దూరం మోసుకుపోయి, ఒక్కొక్కటిగా నేలలో పాతిపెడుతుంది. ఇలా ఒక్కో పక్షి ఆ కొద్ది వారాల్లో వేలకొద్దీ కాయలు దాస్తుంది. చలికాలంలో చాలావాటిని వెతికి తీసుకుంటుంది.

ఆదమ్ (అలైహి) కుమారుడు సోదరుణ్ణి చంపి, శవాన్ని ఏం చేయాలో తోచక నిలబడితే, అల్లాహ్ ఒక కాకిని పంపి నేల తవ్వి చూపించాడు (5:31). ఆ కాకి బంధువే ఈ జే. దీనికి నేల తవ్వే విద్య నేర్పినవాడూ ఆ ప్రభువే.

దాచడం తప్పా?

పక్షులు ఉదయం ఖాళీ కడుపుతో వెళ్ళి, సాయంత్రం నిండు కడుపుతో తిరిగివస్తాయనీ, సరైన భరోసా ఉంటే మనకూ అలాగే ఉపాధి లభిస్తుందనీ దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు (తిర్మిజీ). గూటిలో కూర్చున్న పక్షికి కాదు, బయలుదేరిన పక్షికే కడుపు నిండింది. అంతేకాదు, దైవప్రవక్త (సఅసం) తమ కుటుంబానికి ఒక ఏడాది గ్రాసాన్ని తీసి ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. కనుక బిడ్డల చదువుకో, కష్టకాలానికో దాచుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. దాచినదాని హక్కు చెల్లించకపోవడమే విపత్తు. ధరలు పెరగాలని సరుకు దాచేవాడు పాపాత్ముడని ముస్లిం గ్రంథంలోని హదీసు హెచ్చరిస్తోంది. బంగారం, వెండి కూడబెట్టి అల్లాహ్ మార్గంలో ఖర్చు చేయనివారికి ఖుర్ఆన్ (9:34) బాధాకరమైన శిక్షను ప్రకటించింది.

జే దాచినవన్నీ తిరిగి తినదు. మిగిలిపోయిన కాయలు మొలకెత్తి ఓక్ చెట్లవుతాయి. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ ఉద్యానవనంపై 2006లో వెలువడిన ఒక అధ్యయనం, ఒక్క జే జంట చేసే ఈ విత్తే పనిని మనుషులతో చేయిస్తే వేల డాలర్లు ఖర్చవుతుందని లెక్కగట్టింది. తన కడుపు కోసం దాచిన పక్షి వెనుక ఒక అడవి మిగులుతోంది. మరి మన బీరువాల వెనుక ఏం మిగులుతోంది? ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అతనికి సదఖా పుణ్యం లభిస్తుందని దైవప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. పక్షి తెలియక నాటుతోంది. తెలిసి నాటగలిగినవాళ్ళం మనం.

ఇవ్వడంలో కూడా ఒక పద్ధతి ఉంది. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగంలో, ఆడ జే ఒక రకం పురుగులు కడుపునిండా తినడం చూసిన మగ జే, దానికి రెండో రకం పురుగులను ఎంచి అందించింది. మనమో, ఇంట్లో పనికిరానివి ఏరి ఫకీరు చేతిలో పెడుతుంటాం. మనం కళ్ళు మూసుకుంటే తప్ప తీసుకోలేని నాసిరకం వస్తువులను దానంగా ఇవ్వవద్దని ఖుర్ఆన్ (2:267) వారించింది.

కాబట్టి సోదరులారా! ఈ రాత్రే ఇంటిల్లిపాదీ కూర్చొని లెక్క చూసుకుందాం. నిసాబ్‌కు చేరి, ఏడాది గడిచిన ధనంలో రెండున్నర శాతం మనది కాదు, పేదలది. పక్కింట్లో పొయ్యి వెలగకపోతే మనం దాచినది మనకు సాక్ష్యమవుతుందా, మనకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుందా?

అల్లాహ్ మన సంపాదనలో శుభాన్ని, హక్కుదారులకు హక్కు చెల్లించే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.