కప్పని రంధ్ర మెవ్వరిది?

క్రొత్తగా నిల్లు కట్టించుకొనువారు స్లాబు పోయించిన నాడే గుమ్మడికాయ కొట్టి, ముంగిట దిష్టిబొమ్మ నొకదానిని వ్రేలాడదీయుదురు. ఇరుగుపొరుగువారి కన్ను తగులకుండ నింత జాగ్రత్తపడువారు, అదే స్లాబులో మెట్లకొఱకును, లిఫ్టుకొఱకును, నీటిగొట్టములకొఱకును విడిచిన రంధ్రముల చుట్టు నాలుగు కఱ్ఱలైన కట్టింపరు. కనబడని దృష్టికి నివారణ కలదు. కాలిక్రింద కనబడుచున్న గోతికి లేదు. ఈ వైపరీత్యమును గూర్చి చదువరులతో కొంత విచారింపదలచితిమి.

కూలివా డట్టి రంధ్రమున బడి మరణించినచో, వాని యాయువు తీరినదని మేస్త్రీ యనును. చూచుకొని నడువవలదా యని యజమాని యనును. ఈ రెండు మాటలు నొకదాని నొకటి ఖండించునని యెవ్వరును గమనింపరు. ఆయువే తీరినచో చూచుకొని నడచి ఫలమేమి? చూచుకొని నడచుటచే తప్పునదైనచో నది విధి యెట్లగును? కర్మసిద్ధాంతమును మేము తూలనాడువారము కాము. కాని దానిని పరుల మరణమునకే వినియోగించి, మన బిడ్డలు తిరుగు మేడవసారాకు మాత్రము గృహప్రవేశమునకు ముందే యినుప కటకటాలు పెట్టించుకొనుట సిద్ధాంతము కాదు, సౌకర్యము.

ఇక చూచుకొని నడచుట యననేమి? తలపై నిసుకతట్ట నెత్తుకొన్న స్త్రీకి తన పాదములే కనబడవు. అంతకంటె ఘోరమైన దొకటి కలదు. రంధ్రముపై నొక ప్లైవుడ్ పలకను ఊరక పఱచి పోవుదురు. మఱునాడు మఱియొకడు దానిని మిగిలిపోయిన చెక్క యనుకొని రెండుచేతుల పైకెత్తును. ఎత్తిన పలకయే చూపున కడ్డము కాగా నొక యడుగు ముందునకు వేయును. పది యడుగులు పడుట కొక సెకనైన పట్టదు. నేలను తాకునప్పటికి వేగము గంటకు 27 కిలోమీటర్లు దాటును. గోనెపట్ట కప్పిన రంధ్రము సంగతి చెప్పనే యక్కఱలేదు.

ఇందువలననే యట్టి మూత దానిపై నడచు మనుష్యుల యొక్కయు సామగ్రి యొక్కయు బరువునకు రెట్టింపు మోయవలెననియు, కదలకుండ బిగింపబడవలెననియు, మూత యని వ్రాతచేతనో రంగుచేతనో తెలుపవలెననియు అమెరికా నిబంధనలు విధించుచున్నవి. కడపటి నియమము మన మేస్త్రీలకు నవ్వులాట. కాని యా పలకపై నెఱ్ఱరంగుతో నొక గుర్తున్నచో, చదువురానివాడైనను దాని నెత్తుటకు ముందొకసారి యాగును.

మన దేశమునను 1978లోనే యిట్టి రంధ్రముల రక్షణకై యొక ప్రమాణము ప్రకటింపబడినది. అయినను, సొంతనివాసమునకై పది లక్షలకు మించని వ్యయముతో కట్టుకొను నింటిని 1996 నాటి నిర్మాణకార్మికుల చట్టము విడిచిపెట్టెను. 2020 నాటి స్మృతి యా హద్దు నేబది లక్షలకు పెంచెను. చట్టము ప్రవేశింపని యా గడపలోపల ధర్మమునకు పూచీ గృహస్థుడే.

యూదుల ప్రాచీన ధర్మశాస్త్రమున నొక విధి కలదు. గోతిని త్రవ్వి కప్పక విడిచినవాడు, అందులో నెద్దో గాడిదయో పడి చచ్చినచో, దాని మూల్యము చెల్లింపవలెను. ఆ పశువు చూచుకొని నడచెనా యని యా శాస్త్ర మడుగదు. మన పనిచోట్ల చిక్కేమనగా, గోతిని తాపీవాడు విడుచును, గొట్టముల పనివాడు మూత యెత్తును, విద్యుత్తు పనివాడు దాని ప్రక్కనే పనిచేసి పోవును. కడకది యెవ్వరిదియు కాదు. మా యభిప్రాయమున మూత యెత్తినవాడు దానిని మరల బిగించువఱకు నా రంధ్రము వానిది. తక్కిన కాలమంతయు నింటి యజమానునిది. సిమెంటు, ఇనుము, ఇసుకల లెక్క వ్రాసికొను కాగితముననే యీ మాటయు, మూతల వెలయు వ్రాసికొనవలెను. సెంట్రింగు విప్పిన చెక్కయు, గుప్పెడు మేకులును చాలును.

సాయంకాలము పని దిగిన పిమ్మట నా మూతల నొకసారి చూచి రావలసినవాడును యజమానుడే. కావలివాని కుటుంబ మా యసంపూర్ణగృహముననే వండుకొని నిదురించును. దీపములు లేని యా స్లాబుమీదనే వాని పిల్ల లాడుకొనుచుందురు.