ఒక గట్టు, రెండు వంగ చేలు

కృష్ణ ఒడ్డున ఒక లంక ఊళ్లో అన్నదమ్ములిద్దరు పక్కపక్కనే వంగ వేశారు. నారు ఒకటే, నేల ఒకటే. పైరు మోకాలెత్తు వచ్చేసరికి రెండు చేలల్లోనూ మచ్చల పురుగులు కనిపించాయి. ఊళ్లో వాటిని అక్షింతల పురుగులంటారు.

“పురుగన్నాక పురుగే” అన్నాడు అన్న. వెంటవెంటనే రెండుసార్లు మందు కొట్టాడు. మచ్చలున్నదల్లా చచ్చింది. కొన్నాళ్లకే చిగుళ్లను పేనుబంక కమ్మేసింది. ఆకులు ముడుచుకుని జిగురు కారుతుంటే చీమలు బారులు తీరాయి.

తమ్ముడికి అక్షింతల పురుగు రైతు నేస్తమని ఎవరో చెప్పారు. ఒక్కదాని జోలికీ పోలేదు, కూలీలనూ పోనివ్వలేదు. అతని చేలో ఆకులు గీరుడు పడి, ఈనెలు మాత్రం మిగిలి జల్లెడలయ్యాయి.

తప్పు నీదంటే నీదని గట్టు మీద వాదులాడుకుంటున్నారు. కూరకు కామంచి ఆకు కోసుకుంటున్న మేనత్త తల ఎత్తింది.

“ఒరే, ముందు ఈ మొక్కను చూడండి. పూవుకి అయిదు రేకులు, నడుమ పచ్చటి పుప్పొడి గుత్తి, కాయను వదలని ముచ్చిక. మీ వంగకీ అంతే కదా?”

“కలుపు మొక్కకీ వంగకీ చుట్టరికమేంటత్తా?”

“అదే మరి! టమాటా, వాకుడు, ఉస్తె, అన్నీ ఆ ఇంటివే. పక్కనున్న జొన్న మీద గీరుడు లేదు, కామంచి మీద ఉంది. చేలో వంగ లేని రోజుల్లో మీ పురుగు కాపురం ఇక్కడే.”

ఆ ఆకు మీది పురుగును అరచేతిలోకి తీసింది. మెరుపు లేని ఇటుక రంగు, వీపంతా సన్నటి నూగు. దాని మచ్చలు 28. అన్న చేలోకి వెళ్లి, పేనుబంక నడుమ కొత్తగా వచ్చి వాలిన ఇంకోదాన్ని పట్టి పక్కన పెట్టింది. నున్నగా, ఎర్రగా మెరుస్తోంది. మచ్చలు 7. పిల్లల్లో తేడా ఇంకా తేలిక. వంగాకు గీరేదానికి పసుపుపచ్చ ఒళ్లు, నిండా ముళ్లు. పేనును తినేది నల్లగా, నారింజ చుక్కలతో చురుగ్గా పరుగెడుతుంది.

తమ్ముడు ఆ రోజే ముళ్ల పిల్లల్ని ఏరి సబ్బు నీళ్లలో వేయడం మొదలుపెట్టాడు. అన్న మందు డబ్బా కొట్టంలో పెట్టాడు. గట్టు మీది కామంచిని మాత్రం అత్త పీకనివ్వలేదు. గీరుడు పడ్డ ఆకులు తుంచిపారేసి, మిగతావి కూరకు పట్టుకుపోయింది.

నీతి: పురుగు మంచిదో చెడ్డదో దాని మచ్చలు చెప్పవు, అది తినే తిండి చెబుతుంది. మచ్చల లెక్కనూ పూర్తిగా నమ్మడానికి లేదు. పేనును తినేవాటిలో ఆరు మచ్చలవీ ఉన్నాయి, అసలు మచ్చల్లేనివీ ఉన్నాయి. ఆకు అడుగున గుంపుగా నిలబెట్టిన పసుపు గుడ్లు కనిపిస్తే అత్త కూడా అవి ఎవరివో తేల్చిచెప్పదు. రెండు జాతులూ అలాంటివే పెడతాయి మరి. పిల్లలు బయటికొచ్చి మేత మొదలుపెట్టేదాకా ఆ ఆకును రోజూ తిప్పి చూసి వెళుతుంది.