గీత దాటినవారిదేనా తప్పు?

2025 జూన్‌లో ఆపేసేదాకా, నెలల తరబడి, దేశంలో ఎవరికి ఫోన్ చేసినా ముందు సైబర్ మోసాల హెచ్చరికే వినిపించేది. అంతకు ముందు, 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ డిజిటల్ అరెస్టుల గురించి మాట్లాడుతూ ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అన్నారు. బ్యాంకులు సందేశాలు పంపాయి. పోలీసులు కాలేజీలకు వెళ్లి చెప్పారు. అయినా 2024 ఒక్క ఏడాదిలో సైబర్ మోసాల్లో ప్రజలు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు తెలిపింది. 2023లో ఆ మొత్తం 7,465 కోట్లు.

ఇన్ని హెచ్చరికలు విన్నాక కూడా మోసపోయిన మనిషిని ఏమనాలి? “చెబితే వినలేదు” అనడం తేలిక. కొడుకు అదే అంటాడు, పక్కింటివాళ్లూ అదే అంటారు, కాసేపటికి ఆ మనిషే తనను తాను అలా అనుకుంటాడు. అవగాహన ప్రచారం చేసేవాళ్లు దీన్ని సాంకేతిక విషయంగా చూస్తారు. నిజానికిది చాలా పాత ధర్మసందేహం: నమ్మినవారి దోషమెంత, నమ్మించినవారి దోషమెంత?

ఈ ప్రశ్న వస్తే మనకు గుర్తొచ్చేది లక్ష్మణరేఖ. ఓటీపీ చెప్పకు, లింకు నొక్కకు, తెలియని యాప్ వేసుకోకు అంటూ ప్రచారం గీసేవన్నీ అలాంటి గీతలే. రంగనాథ రామాయణంలోనైతే లక్ష్మణుడు ఏడు గీతలు గీస్తాడు. హరికథల్లో, సినిమాల్లో ఆ ఘట్టాన్ని వినీ చూసీ, సీత కష్టాలకు మూలం గీత దాటడమేనన్న అభిప్రాయం జనంలో స్థిరపడిపోయింది.

వాల్మీకి అరణ్యకాండలో అసలు గీతే లేదు.

అక్కడున్నది ఇంకా చిక్కైన సంగతి. బంగారు లేడిని చూడగానే ఇది మారీచుడి మాయేనని లక్ష్మణుడు చెప్పాడు. అంటే హెచ్చరిక ముందే అందింది. ఆ తర్వాత రావణుడు కాషాయం కట్టి, గొడుగూ కమండలమూ పట్టుకుని, వేదం చదువుతూ వాకిట్లోకి వచ్చాడు. సీత ఆసనం వేసి, కాళ్లకు నీళ్లిచ్చింది. రామలక్ష్మణుల కోసం చుట్టూ చూస్తే అడవి తప్ప ఏమీ కనబడలేదు. వచ్చినవాడు బ్రాహ్మణుడు, పైగా అతిథి. బదులు చెప్పకపోతే శపిస్తాడేమోనని కాసేపు ఆలోచించింది. ఆలోచించాకే తన పేరు, తండ్రి పేరు, పెళ్లి, వనవాసం అన్నీ చెప్పింది.

ఆగింది, ఆలోచించింది, తనకు తెలిసిన ధర్మం ప్రకారమే నడుచుకుంది. లేడి మీద ఆశపడింది నిజమే కావచ్చు. వాకిట్లో ఆమెను పట్టిచ్చింది మాత్రం ఆశ కాదు. అతిథి పట్ల గౌరవం, శాపమంటే భయం, పక్కన ఎవరూ లేకపోవడం.

డిజిటల్ అరెస్టు సరిగ్గా ఈ మూడింటి మీదే నడుస్తుంది. మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయనో, మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలో హవాలా సొమ్ము ఉందనో ఫోన్ వస్తుంది. వీడియోలో యూనిఫాం వేసుకున్న మనిషి, నకిలీ కోర్టు ఉత్తర్వు కనిపిస్తాయి. కెమెరా ఆపొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. కానీ జీవితమంతా చట్టానికి లోబడి బతికిన మనిషికే పోలీసు పేరు చెబితే భయం ఎక్కువ. హర్యానాకు చెందిన వృద్ధ దంపతులు తమకు సుప్రీంకోర్టు పేరుతోనే దొంగ ఉత్తర్వులు చూపించారని రాస్తే, 2025 అక్టోబరులో ఆ కోర్టు తనంత తానుగా కేసు చేపట్టింది. డిసెంబరులో దర్యాప్తు సీబీఐకి అప్పగించింది.

నిబంధనలూ చాలాకాలం గీత వైపే ఉన్నాయి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ఖాతాదారుకు కొంత రక్షణ కల్పించింది. అయితే రహస్య వివరాలు తానే చెప్పేస్తే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా ఖాతాదారుదేనంది. డిజిటల్ అరెస్టులో డబ్బు స్వయంగా పంపేది బాధితుడే. బెదిరింపు కింద ఇచ్చింది ఇష్టపడి ఇచ్చినట్టవుతుందా? బ్రిటన్ ఈ ప్రశ్నకు ఇంకోలా జవాబిచ్చింది. 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి తానే డబ్బు పంపిన మనిషికీ 85,000 పౌండ్ల దాకా తిరిగి ఇవ్వాలి. ఆ భారాన్ని డబ్బు పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరి సగం మోయాలి. మరీ నిర్లక్ష్యంగా ఉన్నవారికి ఇది వర్తించదు. అయినా దొంగ ఖాతా తెరవనిచ్చిన బ్యాంకును కూడా బాధ్యుల్లో చేర్చడం న్యాయంగా కనిపిస్తుంది.

నమ్మించినవారి పక్కా సూటిగా లేదు. రావణుడి పథకం విని మారీచుడు వద్దని బతిమాలాడు, హితవు చెప్పాడు. కాదంటే చంపుతానంటే తప్పక లేడి అయ్యాడు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు చదివితే ఈ ఘట్టమే గుర్తొస్తుంది. ఉద్యోగమని ఏజెంట్లు తీసుకెళ్లిన కుర్రాళ్లను అక్కడ నిర్బంధించి, బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. ఫోన్‌లో అవతలి గొంతు కూడా ఒక్కోసారి మోసపోయినవాడిదే. అతను చేసిన పని ఒప్పు కాదు. కానీ ఉద్యోగ ప్రకటనల మోసాన్ని వదిలేసి ఓటీపీల గురించి మాత్రమే చెప్పే ప్రచారం సగం పనే చేస్తున్నట్టు.

నింద వల్ల జరిగే నష్టం కళ్లెదుటే ఉంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే, డబ్బు చేతులు మారకముందే ఖాతాల్లో ఆపించే అవకాశం అంత ఎక్కువ. పోలీసులు గోల్డెన్ అవర్ అనేది ఆ మొదటి గంటనే. ఆ గంట ఇంట్లో ఎలా చెప్పాలా అన్న సిగ్గులో గడిచిపోతుంది. “జాగ్రత్తగా ఉంటే మోసపోరు” అని పదేపదే చెప్పే ప్రచారం, మోసపోయినవాడికి నువ్వు జాగ్రత్తగా లేవని కూడా చెబుతోంది. ఆ మాట విన్నవాడు ఫోన్ చేయడానికి వెనకాడతాడు.

ఏటా ఫిబ్రవరి రెండో వారంలో వచ్చే మంగళవారం సేఫర్ ఇంటర్నెట్ డే. బడుల్లో ఆ రోజు పిల్లలకు పాస్‌వర్డుల గురించి, అపరిచితుల గురించి చెబుతారు; చెప్పాల్సిందే. ఈసారి దానికి ఇంకొకటి కలిపి, ఇంటికి వెళ్లి పెద్దవాళ్లతో అనమనొచ్చు: తాతయ్యా, ఎప్పుడైనా డబ్బు పోతే ముందు నాకు చెప్పు, ఎందుకు నమ్మావని అడగను, ఇద్దరం కలిసి 1930కి ఫోన్ చేద్దాం.