ఎవరి దగ్గర నేర్చుకుంటావు?

పాలకొల్లులో బైపీసీ చదివే పిల్లల్ని ర్యాంకెంతని అందరూ అడుగుతారు, ఎవరి దగ్గర పని నేర్చుకుంటావని ఎవరూ అడగరు. వైద్యుణ్ణి తయారుచేసేది రెండో ప్రశ్నే. కంటి వైద్యులు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారిని చూడండి. గుంటూరు వైద్య కళాశాలలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివి, 1974లో అమెరికా వెళ్ళి బోస్టన్, రోచెస్టర్‌లలో పనిచేశారు. 1986లో తిరిగొచ్చి, మరుసటేడు హైదరాబాదులో నేత్రవైద్య సంస్థ మొదలుపెట్టారు. దానికి స్థలమూ ధనమూ ఇచ్చింది ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన సినీ నిర్మాత ఎల్.వి.ప్రసాద్‌గారు. జనం కళ్ళప్పగించి చూస్తే వచ్చిన సినిమా డబ్బు కళ్ళకే ఖర్చవడం ముచ్చటగా లేదూ!

ఆ సంస్థ సర్జన్లను తీర్చిదిద్దడంతో ఆగలేదు. ఇంటర్ చదివిన పల్లె యువతకు ఏడాది శిక్షణిచ్చి, విజన్ టెక్నీషియన్లుగా వాళ్ళ ప్రాంతాల్లోనే కూర్చోబెట్టింది. ఇది అరకొర వైద్యం కాదా? సందేహం న్యాయమైనదే. అయితే వాళ్ళు కత్తి పట్టరు. చూపు పరీక్షించి కళ్ళజోడు రాస్తారు. శుక్లమో నీటికాసులో అనుమానమొస్తే పెద్దాసుపత్రికి పంపుతారు. ఎవరి పని ఎక్కడ ఆగాలో నేర్పడం గురువుకు చిన్న పనేం కాదు. కొందరు పెద్ద డాక్టర్లకే అది పట్టుబడలేదు. నాగేశ్వరరావుగారిలా అమెరికా వెళ్ళిన వైద్యులందరూ తిరిగొస్తారా అంటే, రారు. వాళ్ళను నిందించడం దండగ. పల్లెలో కంటిచూపు వాళ్ళ రాకపోకల మీద ఆధారపడకూడదనుకుంటే, ఊళ్ళో ఉండిపోయేవాళ్ళకే పని నేర్పాలి.